క్వాంటాస్ 32 విమానంలో ఇంజిన్ ఎందుకు పేలింది?

2010 నవంబరు 4న సింగపూర్ నుంచి సిడ్నీకి బయలుదేరిన ఆస్ట్రేలియా విమానయాన సంస్థ క్వాంటాస్ ఏ380 విమానంలో రెండో ఇంజిన్ పేలడానికి మూలం ఒక చిన్న చమురు గొట్టం. తయారీలో దాని లోపలి రంధ్రాన్ని నడిమధ్యన కాకుండా కాస్త పక్కకు తొలవడంతో ఒకవైపు గోడ పలచబడి, వాడకంలో క్రమంగా పగుళ్లిచ్చింది. కారిన చమురు వేడికి అంటుకోగా, టర్బైన్ డిస్క్ (చుట్టూ బ్లేడ్లు అమర్చిన బరువైన చక్రం) షాఫ్టు అనే ఇరుసు నుంచి విడిపోయి, అదుపు తప్పిన వేగంతో తిరిగి ముక్కలై రెక్కను చీల్చింది. ఇంజిన్ కవచం విరిగిన బ్లేడును ఆపగలదు గాని డిస్కు ముక్కలను ఆపలేదు, అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది. విమానంలోని 469 మందీ క్షేమంగా బయటపడ్డారంటే అది పైలట్ల నిబ్బరమేనని నా దృఢాభిప్రాయం. రెక్కలోని విద్యుత్ తీగలు తెగిపోవడంతో, తిరిగి సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయంలో దిగాక కూడా ఒకటో ఇంజిన్ దాదాపు మూడు గంటలు తిరుగుతూనే ఉంది. చివరికి అగ్నిమాపక సిబ్బంది నురుగు కొట్టి ఆపారు.