జ్ఞానస్నానం తీసుకుని ఏడాది కూడా కాలేదు, ఫాదర్ అవ్వొచ్చా?

ప్రశ్న: ఫాదర్ గారికి వందనాలు. నాకు 26 ఏళ్లు, మాది తెనాలి దగ్గర పల్లెటూరు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. హిందూ కుటుంబంలో పుట్టాను, నాన్న లేరు, అమ్మకి నేనొక్కడినే. రెండేళ్ల క్రితం మా రూమ్మేట్ తాతగారు చావుబతుకుల్లో ఉన్నారంటే తోడు వెళ్లాను. అర్ధరాత్రి వానలో ఒక ఫాదర్ గారు బైక్ మీద వచ్చి, తడిచేతులు తుడుచుకుని ఆ పెద్దాయన నుదుటికీ అరచేతులకీ తైలం రాసి తెల్లారేదాకా మంచం పక్కనే కూర్చున్నారు. నాకు అక్కడే మొదలైంది. పోయిన ఈస్టర్ జాగరణ పూజలో జ్ఞానస్నానం తీసుకున్నా. అమ్మ గుడి లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడింది. ఇప్పుడు ఫాదర్ అవ్వాలని బలంగా ఉంది. కొత్తవాడిని తీసుకుంటారా? అమ్మ సంబంధాలు చూస్తోంది, ఎడ్యుకేషన్ లోన్ ఇంకా తీరలేదు.

జవాబు: బాబూ, మీ అమ్మ గేటు దగ్గర నిలబడిందన్న చోట నేను చదవడం ఆపేసి కాసేపు కూర్చుండిపోయాను, ఆ సంగతికి తర్వాత వస్తా.

తీసుకుంటారు, కానీ ఇప్పుడే కాదు. శ్రీసభ చట్టం, అంటే మన కతోలిక సభ చట్టం, 1042వ నియమం ప్రకారం కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాడు తగినంత పరీక్షకి నిలిచాడని బిషప్ గారికి నమ్మకం కుదిరేదాకా గురుపట్టాభిషేకం, అంటే ఫాదర్‌గా అభిషేకం, ఇవ్వకూడదు. ఇన్నేళ్లు అని లెక్క రాయలేదు గానీ చాలాచోట్ల రెండు మూడేళ్లు ఆగి రమ్మంటారు. నీ మీద అనుమానంతో అనుకోకు, పౌలు గారు తిమోతికి రాసిన మొదటి లేఖలోనే ఉంది ఈ జాగ్రత్త, కొత్తవాడిని సంఘానికి పెద్దగా నిలబెడితే గర్వం తలకెక్కుతుందని.

ఒకసారి నేనే తొందరపడ్డాను. నీలాగే పెద్దయ్యాక జ్ఞానస్నానం తీసుకున్న కుర్రాడు, చాలా మంచివాడు, ఆ ఉత్సాహం చూసి నాకే ముచ్చటేసి ఏడాది తిరక్కముందే సెమినరీకి, అంటే ఫాదర్లని తయారుచేసే చోటికి, సిఫారసు చేశా. నాలుగు నెలలకి తిరిగొచ్చేశాడు, ఆ తర్వాత ఏడాదిన్నర పూజకి కూడా రాలేదు. అతనికి పిలుపు లేదని అప్పుడూ అనుకోలేదు ఇప్పుడూ అనుకోను, క్రైస్తవుడిగా మామూలు రోజులు గడపనివ్వకుండా పంపించాను, అదీ నా తప్పు. అందుకే నీకింత గట్టిగా చెప్తున్నా.

మన సభ గొప్ప బోధకుల్లో ఒకరైన పునీత అగస్టీను గారికి 387 ఈస్టర్ జాగరణలో మిలాన్‌లో అక్కడి బిషప్ అంబ్రోసు గారు జ్ఞానస్నానం ఇచ్చారు, గురువయ్యింది 391లో, అదీ ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో ఊరి జనం పట్టుబట్టి ముందుకి తోస్తే ఏడుస్తూ ఒప్పుకున్నారు. మన కన్యాకుమారి వైపు దేవసహాయం పిళ్లై గారు 1745లో జ్ఞానస్నానం తీసుకుని, భార్యతో సంసారం చేసుకుంటూనే విశ్వాసం కోసం 1752లో ప్రాణమిచ్చారు, 2022లో పునీతులయ్యారు, అంటే సెయింట్ అయ్యారు. ఆయన ఫాదర్ కాదు. పిలుపంటే గురుత్వమొక్కటే అనుకోవద్దని చెప్పడానికి ఈయన్ని తల్చుకున్నా.

ఈ రెండేళ్లూ ఏం చెయ్యాలంటావా, మీ విచారణ గురువులకి, అంటే మీ గుడి చూసుకునే ఫాదర్ గారికి, ఈ సంగతంతా చెప్పు, రోగుల ఇళ్లకి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లమను. నువ్వు చూసింది ఒక్క రాత్రి. వారం మధ్యలో పొద్దున ఆరింటి పూజకి వెళ్తే అయిదుగురు ముసలమ్మలూ ఒక తిరగని ఫ్యానూ ఉంటాయి, పాట ఎత్తుకునేవాళ్లు కూడా ఉండరు. అలాంటి పూజ ఏళ్ల తరబడి చెయ్యాలనిపిస్తోందా, అది చూసుకో. నెలకోసారైనా పాపసంకీర్తనం చెయ్యి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకో, వీలైతే ఒకే గురువు దగ్గర.

తర్వాతి దారి పొడుగే. కనీసం ఏడాది సన్నాహం, రెండేళ్లు తత్వశాస్త్రం, నాలుగేళ్లు దైవశాస్త్రం, మధ్యలో విచారణల్లో సేవ, అన్నీ కలిపి ఎనిమిది పదేళ్లు పట్టొచ్చు. మేత్రాసన గురువైతే, అంటే ఒక బిషప్ గారి పరిధిలో పనిచేసే ఫాదర్ అయితే, ఆ బిషప్ గారికి విధేయతా బ్రహ్మచర్యమూ మాటిస్తావు, వ్రతాలు పట్టి కలిసి బతికే సన్యాస సభలో చేరితే పేదరికంతో కలిపి మూడు వ్రతాలు. అప్పు తీర్చలేని స్థితిలో ఉన్నవాళ్లని సన్యాస సభలు నొవిషియేట్‌కి, అంటే సభలో తొలి శిక్షణకి, తీసుకోకూడదని చట్టమే చెప్తోంది, ఎటు వెళ్లినా ముందు ఆ లోన్ కట్టేసెయ్, జాబ్ మానకు.

ఇక అమ్మ. ఆవిడ నమ్మకం వేరు, అయినా నీ జ్ఞానస్నానం రాత్రి ఇంట్లో కూర్చోకుండా అంతదూరం వచ్చింది. ఆవిడకి తెలీకుండా ఒక్క అప్లికేషన్ కూడా పెట్టొద్దు. ఆవిడ ముసలితనంలో ఎవరు చూస్తారు, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఇవన్నీ ఆవిడతోనే కూర్చుని మాట్లాడు, బిషప్ గారు కూడా నిన్ను అడిగేవాటిల్లో ఇదొకటి. ఏడుస్తుంది, తిడుతుంది కూడా, పడు. వీలైతే ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మేరీమాత తిరునాళ్లకి తీసుకెళ్లు, అక్కడికి హిందువులు కూడా బోలెడంత మంది వస్తారు, ఆవిడకి కొత్తగా ఉండదు.

సంబంధాల విషయం మాత్రం ఈ వారమే తేల్చు. రెండేళ్లపాటు పెళ్లి మాట వద్దని అమ్మకి చెప్పు, ఇప్పటికే ఎవరింటికైనా జాతకం వెళ్లి ఉంటే నువ్వే ఫోన్ చేసి చెప్పు. నీ మనసు తేలేదాకా ఇంకో ఇంటి ఆడపిల్లని ఎదురుచూపుల్లో పెట్టకూడదు.