సీ డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉన్నా బ్యాకప్‌కి చోటు లేదంటోందా?

విండోస్ 10 నుంచి 11కి మారినప్పటి నుంచి ప్రతి ఆదివారం రాత్రి "డిస్కులో చోటు చాలదు, బ్యాకప్ పూర్తి కాలేదు" అని వస్తోందనీ, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ చూస్తే సగానికి పైగా ఖాళీగా ఉందనీ, ఇంకా పెద్దది కొనాలా అనీ అడిగారు. కొనకండి. నేను కొన్నాను. అందులో ఇప్పుడు మా అబ్బాయి సినిమాలు దాచుకుంటున్నాడు.

నాది తెనాలిలో డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, ఏవైనా చేస్తాం. పాత పని అంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో మా ఫైల్ తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలిసిన చిందరవందర కనిపిస్తుంది. కాబట్టి మాలాంటి వాళ్ళకి ఫైళ్ళు ఒక్కటీ దాచుకుంటే సరిపోదు, సిస్టమ్ మొత్తం ఉన్నది ఉన్నట్టు దాచుకోవాలి. అందుకే నేను సిస్టమ్ ఇమేజ్ మనిషిని.

2020 జనవరి 14న విండోస్ 7కి సపోర్టు ఆగిపోయింది. ఆ రోజు భోగి. పాతవన్నీ మంటలో వేసే రోజు కదా అని మావాళ్ళు నవ్వుకున్నారు. షాపు ఎలాగూ కనుమ దాకా మూసే ఉంటుందని, కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిచి 10 ఎక్కించాను. ఫాంట్లు పనిచేశాయి, ప్రింటరు పనిచేసింది, నేను మురిసిపోయాను. 7లో పెట్టుకున్న ఆదివారం బ్యాకప్ కూడా దానంతట అదే కొత్త విండోస్‌లోకి వచ్చేసింది.

మొదటి ఆదివారమే ఫెయిలైంది. ఎర్రర్ పెట్టెని మూసేశాను. రెండో ఆదివారం మళ్ళీ మూసేశాను. అప్పటికి మాఘమాసం వచ్చేసింది. ముహూర్తాల సీజన్‌లో డీటీపీ షాపు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకే తెలుసు. కార్డు వేయించుకునే ప్రతివాడూ "రేపు పొద్దున్నకి కావాలి" అంటాడు, ప్రూఫు చూడమంటే మాత్రం వారం దాకా రాడు. వచ్చాక పెళ్ళికొడుకు తాతగారి పేరులో ఒత్తు పోయిందంటాడు. పైగా వాళ్ళు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు! వాటిలో ఫోటో కన్నా వైరస్ ముందు దిగుతుంది. ఈ గోలలో ఎర్రర్ చదివే తీరిక ఎవరికి?

నాలుగో వారం భయం వేసి కొత్త డ్రైవ్ కొన్నాను, 2 టీబీది. అయినా అదే మాట, చోటు లేదని. బాగుచేసే అతనికి ఫోన్ చేస్తే "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అన్నాడు. మన ఊళ్ళలో కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా మందు ఒక్కటే. స్పీకర్ మోగకపోయినా ఫార్మాటే. చేయడానికి అతనికి రెండు గంటలు పడుతుంది. ఫాంట్లూ, కీబోర్డూ, ప్రింటరు సెట్టింగులూ మళ్ళీ పెట్టుకోవడానికి నాకు వారం పడుతుంది.

సరే, రేపు రమ్మన్నాను. ఆ సాయంత్రమే ఒక పెద్దాయన వచ్చి పాత కార్డు బల్ల మీద పెట్టాడు. "నాలుగేళ్ళ కింద పెద్దమ్మాయి పెళ్ళికి నువ్వే వేశావు. చిన్నదానికీ అచ్చం ఇదే. పేర్లు మార్చు, పద్యం అలాగే ఉంచు." ఫైల్ సిస్టమ్‌లో ఉంది. తెరిచాను. తెరిచాక, ఊరికే, బ్యాకప్ డ్రైవ్‌లో చివరి తేదీ ఎంతో చూశాను. జనవరి 12! అంటే ఆ మాఘమాసంలో చేసిన పనికి రెండో కాపీ ఎక్కడా లేదు. రేపు పొద్దున ఫార్మాట్.

వెంటనే హైదరాబాద్‌లో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను.

"ఎర్రర్ మొత్తం చదువు మావయ్యా."

"చోటు లేదంటోంది రా."

"అది కాదు, కింద ఇంకా ఉంటుంది. అది చదువు."

ఉంది. నెల రోజులుగా నేను చదవని నాలుగు లైన్లు. 500 ఎంబీ కన్నా చిన్న పార్టిషన్ (డిస్కులో గదిలా విడదీసిన భాగం) అయితే అందులో కనీసం 50 ఎంబీ, అంతకన్నా పెద్దదైతే కనీసం 320 ఎంబీ ఖాళీ ఉండాలి. బ్యాకప్ పెట్టుకునే డ్రైవ్‌లోనే కాదు, బ్యాకప్ తీసే ప్రతి పార్టిషన్‌లోనూ ఉండాలి. నంబరు 80780119.

డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవమన్నాడు. సీ, డీ నాకు తెలుసు. వాటికి ముందు అక్షరం లేని బుల్లి గది ఒకటి ఉంది, పేరు సిస్టమ్ రిజర్వ్‌డ్. 7 తనకోసం చేసుకున్న 100 ఎంబీ గది అది. కొత్త విండోస్ వచ్చి తన బూట్ సామాను కూడా అందులోనే సర్దింది. మిగిలిన ఖాళీ 31 ఎంబీ. సీలో వంద జీబీ ఉన్నా, బయట 2 టీబీ ఉన్నా, ఈ గదిలో 19 ఎంబీ తక్కువైంది కాబట్టి మొత్తం బ్యాకప్ ఆగిపోయింది.

అక్కడ ఖాళీ ఎందుకంటే, సిస్టమ్ నడుస్తుండగానే విండోస్ దాన్ని ఫోటో తీసినట్టు పట్టుకుంటుంది. దాన్నే షాడో కాపీ అంటారు. ఆ కాపీ తీస్తున్నంతసేపూ ఏదైనా మారితే, మారకముందు ఉన్నదాన్ని పక్కన పెట్టుకోవాలి. మామూలుగా ఆ పక్కన అనేది అదే పార్టిషన్‌లో ఉంటుంది.

ఆ గదిలో ఏ ఫైల్ ఎప్పుడు మారిందో రాసుకునే చిట్టా ఒకటి చోటు తినేస్తుందట. గదికి తాత్కాలికంగా ఒక అక్షరం ఇచ్చి, కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి ఆ చిట్టా కొట్టేయాలి. ఒక్కో అక్షరం చెప్పాడు. "ఎఫ్, ఎస్, యూ, టీ, ఐ, ఎల్. తర్వాత స్పేస్ కొట్టు."

"స్పేస్ లేదనే కదరా గొడవ?"

"మావయ్యా, కీబోర్డు మీద స్పేస్!"

పెద్దాయన కుర్చీలో కూర్చుని "నా కార్డు ఉన్నట్టేనా?" అని మూడుసార్లు అడిగాడు. స్లాష్ ఎటు వాలాలో తెలియక రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి ఖాళీ 60 దాటింది. ఆ రాత్రి షాపులోనే ఉండి బ్యాకప్ పూర్తయ్యేదాకా చూశాను. ఫార్మాట్ అతన్ని రావద్దన్నాను.

ఇక మీ సంగతి. 2025 అక్టోబరు 14తో 10కీ సపోర్టు ఆగింది కాబట్టి షాపులో రెండో సిస్టమ్‌ని నేనూ 11కి మార్చాను. మళ్ళీ అదే నంబరు! కానీ ఈసారి చోటు చాలనిది రికవరీ పార్టిషన్, అంటే విండోస్ మొరాయిస్తే బాగుచేసే సామాను ఉండే గది. డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని నూటికి నూరు శాతం ఖాళీ అని చూపిస్తుంది, నమ్మకండి, లోపల నిండుగా ఉంటుంది. దాని సైజు 500 దాటితే 320 ఖాళీ కావాలి, అదే మెలిక. 2024 జనవరిలో ఒక సెక్యూరిటీ అప్‌డేట్ ఎంతోమందికి ఎక్కకపోవడానికి కారణం కూడా ఈ గదే, అప్పుడు 250 ఎంబీ కావాల్సి వచ్చింది.

మీది కూడా ఇదే నంబరైతే, ముందు ఈ రోజే బ్యాకప్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ ఇమేజ్ పక్కనున్న టిక్ తీసేసి, ఫైళ్ళు మాత్రం బ్యాకప్ చేయండి. అది మామూలుగా సాఫీగా అయిపోతుంది, టెన్షన్ సగం తగ్గుతుంది. తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రీఏజెంట్‌సీ, స్పేస్, స్లాష్ (/), డిజేబుల్ అని కొట్టండి. స్పెల్లింగు ఆర్ ఈ ఏ జీ ఈ ఎన్ టీ సీ. రికవరీ సామాను సీ డ్రైవ్‌లోకి వెళ్ళిపోతుంది, గది ఖాళీ అవుతుంది. టిక్ మళ్ళీ పెట్టి ఇమేజ్ తీసుకోండి. ఆ పార్టిషన్‌ని మాత్రం డిలీట్ చేయకండి, యూట్యూబ్‌లో ఎవరు చెప్పినా సరే.

ఈ ఇమేజ్ సదుపాయాన్ని ఇక పెంచబోమని విండోస్ తయారీదారులు 2017లోనే ప్రకటించారు, కంట్రోల్ ప్యానెల్‌లో ఇంకా "విండోస్ 7" పేరుతోనే ఒక మూల పడి ఉంది. కొత్త బ్యాకప్ యాప్ సామాను క్లౌడ్‌లోకి పంపమంటుంది, ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. నా ఒక్క మాఘమాసం అందులో పట్టదు.

అన్నట్టు, ఇమేజ్ అయిపోయాక అదే కమాండ్ డిజేబుల్ బదులు ఎనేబుల్‌తో కొట్టడం మరవకండి. నేను రెండు నెలలు మరిచాను.