లక్ష్యాలు రాసుకోవడం సరే, వాటి నడిమి రోజుల సంగతేంటి?

మీ ప్రశ్న ఇది కదా: ముప్పై దాటాయి, ఉద్యోగం ఫర్వాలేదు, ప్రతి జనవరిలోనూ పది లక్ష్యాలు రాసుకుంటున్నారు, మార్చి వచ్చేసరికి ఆ కాగితం ఎక్కడుందో కూడా గుర్తుండదు. తృప్తిగా బతకాలంటే ఎలాంటి లక్ష్యాలు పెట్టుకోవాలి?

పది ఎందుకండీ? ముందు తొమ్మిది కొట్టేయండి. ఏది ఉంచాలో తేల్చుకోవడానికి నేను వాడే పద్ధతి ఒక్కటే. లక్ష్యం అనగానే అందరం దాని చివర చూస్తాం. గిటార్ వాయిస్తుంటే నలుగురూ చుట్టూ చేరడం, బరువు తగ్గాక దిగిన ఫొటో, పుస్తకం అట్ట మీద మన పేరు. ఆ చివరి సీను ఎవరికైనా బాగానే ఉంటుంది, దాన్నిబట్టి ఏమీ తేలదు. చూడాల్సింది నడిమి భాగం. మొదటి వారం ఉత్సాహం చల్లారి, ఫలితం ఇంకా కనుచూపు మేరలో లేక, ఎలా సాగుతోందని అడిగే దిక్కు కూడా లేనప్పుడు ఆ పనిలో రోజూ చేయాల్సిందేమిటి? వేళ్ల చివర్లు మండుతుంటే గిటార్ తీగల మీద అవే మూడు కార్డ్స్ మళ్లీ మళ్లీ నొక్కడం. నిన్న రాసిన పేజీ చెత్తగా ఉందని తెలిసీ ఇవాళ మళ్లీ కూర్చోవడం. అది చేస్తున్నంతసేపూ మీకు లోలోపల ఎక్కడో బాగుంటుందా? బాగుంటే ఆ లక్ష్యం మీది. లేదంటే అది ఇంకెవరిదో, దారి తప్పి మీ కాగితం మీదకొచ్చింది. దీనికి మినహాయింపు నాకైతే ఇంతవరకు కనబడలేదు.

నేను నలభై దాటాక ఈత నేర్చుకున్నాను. చిన్నప్పటి నుంచి నీళ్లంటే భయం. మోకాళ్లు దాటితే చాలు, గుండె దడ. పేరు రాయించుకోవడానికి వెళ్తే కౌంటర్లో కూర్చున్నతను తలెత్తకుండానే పిల్లల ఫారం నా చేతిలో పెట్టాడు. "పాపా, బాబా అండీ?" అన్నాడు. నాకే అంటే ఒక్క క్షణం ఆగి, సొరుగంతా వెతికి, అంచులు మడతపడిన పెద్దల ఫారం ఒకటి తీశాడు. దీని మీద నాకు ఇప్పటికీ కోపమే. పెద్దవాళ్లు ఏదైనా మొదటి నుంచి నేర్చుకుంటామంటే లోకానికి అదేదో వింత. "ఈ వయసులో ఎందుకు?" అని అడిగిన వాళ్లలో సగం మంది నాకంటే చిన్నవాళ్లు. రోజుకు మూడు గంటలు ఫోన్ చూసేవాళ్లను ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

నేర్పిన కోచ్‌కి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. నన్ను ఆంటీ అనేది. బయట ఎవరైనా అలా పిలిస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఛాతీ లోతు నీళ్లలో కడ్డీ పట్టుకుని వణుకుతున్నప్పుడు మాత్రం ఏమని పిలిచినా పలుకుతాం.

మొదట్లో నా ధ్యాసంతా అవతలి గోడ మీదే. 25 మీటర్లు. ఊపిరి బిగబట్టి, తల పైకెత్తి, ఒళ్లంతా బిగదీసుకుని చేతులూ కాళ్లూ కొట్టడం, రెండు బారలు పోకముందే మునగడం, దగ్గుతూ లేవడం. పక్కన ఏడేళ్ల పిల్లలు గెంతుతూ నా మీద నీళ్లు చల్లుతుంటారు. ఒకరోజు కోచ్ అమ్మాయి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఆంటీ, మీకు గాలి చాలక ఆయాసం రావట్లేదు. లోపలున్నది వదలక వస్తోంది."

నిజమేనట. ఊపిరి బిగబట్టినప్పుడు ముందుగా ప్రాణం గిలగిలలాడేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతున్నందుకు. నీళ్లలో ఉండగానే గాలి వదిలేస్తే, తల బయటికి తీసిన ఆ కాస్త సమయంలో పీల్చుకోవడం ఒక్కటే పని. కాళ్లు మునగడానికి కూడా కారణం చెప్పింది. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కనుక ఛాతీ దానంతట అదే తేలుతుంది, శరీరం బరువు మాత్రం దానికి దిగువన, నడుము వైపు ఎక్కువ. తల పైకెత్తిన మరుక్షణం కాళ్లు కిందికి దిగుతాయి. భయమేమో తల ఎత్తమంటుంది. ఎత్తితే మునుగుతాం.

"గోడ సంగతి మర్చిపోండి. ముఖం నీళ్లలో పెట్టి, నోరు మూసుకుని ముక్కుతో మ్మ్ అనండి. బుడగలు అయిపోయాక లేవండి. అంతే మన పని."

"ఎన్నాళ్లు?"

"మీకు బోర్ కొట్టేదాకా."

ముందు ముక్కులోకి నీళ్లు పోయి నుదుటి దాకా మంట. ఆ తర్వాత ఎప్పుడో కుదిరింది. ముఖం నీళ్లలో పెట్టగానే పూల్‌లోని గోలంతా ఎవరో తలుపేసినట్టు ఆగిపోయింది. నా మ్మ్ నా పుర్రెలోనే మోగుతోంది. చెంపల పక్క నుంచి బుడగలు గిలిగింతలు పెడుతూ పైకి పోతున్నాయి. అడుగున నీలం పలకలు, వాటి మీద వెలుగు గీతలు కదులుతూ, ఒక మూల ఎవరిదో ఎర్ర రబ్బర్ బ్యాండ్. గాలి అయిపోయింది, మెల్లగా లేచాను. దగ్గు లేదు, కంగారు లేదు. మళ్లీ పెట్టాను. బ్యాచ్ అయిపోయిందని ఆ అమ్మాయి విజిల్ వేస్తే అప్పుడే అయిపోయిందా అనిపించింది. అవతలి గోడ ఆ రోజంతా నాకు గుర్తే రాలేదు.

గోడ ఎప్పుడు తాకానని అడక్కండి, మా బ్యాచ్‌లో అందరికంటే ఆఖరున. ఇప్పటికీ నా ఈత చూడముచ్చటగా ఏమీ ఉండదు. కానీ వారానికి ఒకటి రెండుసార్లు వెళ్తూనే ఉన్నాను, ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

అదే బ్యాచ్‌లో ఒకాయన ఉండేవాడు. ఆఫీసులో ఎవరితోనో పందెం వేశాడట, 50 మీటర్లు ఆగకుండా ఈదుతానని. రోజూ కోచ్‌ని ఒకటే అడుగుడు, ఇంకెన్నాళ్లు పడుతుందని. బుడగలంటే చిరాకు, కడ్డీ పట్టుకుని కాళ్లు కొట్టడమంటే చిరాకు. నాకంటే చాలా ముందే 50 మీటర్లు పూర్తి చేశాడు, గట్టు మీద నిలబడి ఫొటో తీయించుకున్నాడు, మళ్లీ ఆ వైపు రాలేదు. ఆయన ఓడిపోయాడని ఎవరూ అనలేరు. అనుకున్నది సాధించాడు. మీరు అడిగిన తృప్తి ఆ ఫొటోలో ఎంతసేపు ఉండి ఉంటుందో మీరే చెప్పండి. కెన్నన్ షెల్డన్, ఆండ్రూ ఇలియట్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1999లో ఇలాంటి సంగతే రాశారు: సొంత ఇష్టంతో, నమ్మకంతో పెట్టుకున్న లక్ష్యాల మీద మనిషి ఎక్కువ కాలం కష్టపడతాడు, అవి నెరవేరినప్పుడు కలిగే మేలు కూడా ఎక్కువ. వాళ్లు చెప్పకపోయినా మా పూల్ గట్టు మీద కూర్చుంటే తెలిసేది.

ఇక లక్ష్యాల మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ల గురించి. వాళ్లందరి దగ్గరా ఒక కథ ఉంటుంది. 1953లో యేల్ యూనివర్సిటీలో చదువు పూర్తి చేసుకునే విద్యార్థులను అడిగితే 3 శాతం మందే లక్ష్యాలు కాగితం మీద రాసుకున్నారట, ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ 3 శాతం మంది సంపాదన మిగతా 97 శాతం మంది సంపాదన మొత్తం కంటే ఎక్కువట. అలాంటి సర్వే జరగనే లేదు. ఒక అమెరికన్ బిజినెస్ పత్రిక 1996లోనే ఆరా తీసి తేల్చింది, యూనివర్సిటీ వాళ్లూ తమ దగ్గర అలాంటిదేమీ లేదన్నారు. అయినా స్టేజీ ఎక్కిన ప్రతివాడూ అదే చెబుతాడు, కింద కూర్చున్నవాళ్లు నోట్స్ రాసుకుంటారు.

తర్వాత ఆ స్మార్ట్ గోల్స్, అంటే అయిదు షరతులకు నిలవాల్సిన లక్ష్యాలు. వాటిని జార్జ్ డొరన్ అనే ఆయన 1981లో ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో, కంపెనీల్లో మేనేజర్ల కోసం రాశాడు. ఆయన పెట్టిన అయిదు షరతుల్లో ఒకటి, పని ఎవరికి అప్పగించాలో తేలాలన్నది. సొంత జీవితాన్ని ఎవరికి అప్పగిస్తాం చెప్పండి? ఆఫీసులో అక్కరకొచ్చే కొలబద్దను ఇంటికి తెచ్చుకుని, ఈ నెల మనశ్శాంతి ఎంత శాతం పెరిగిందో లెక్కేసుకునేవాళ్లను నేను చూశాను.

లెక్కలు అస్సలు వద్దని కాదు. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే సైకాలజిస్టులు దశాబ్దాల పాటు చేసిన పరిశోధన ఉంది. "నీ శాయశక్తులా చెయ్" అని వదిలేయడం కంటే, కాస్త కష్టమైన, స్పష్టమైన లక్ష్యం ఇస్తే మనుషులు ఎక్కువ పని చేస్తారని తేలింది. అయితే అదే లేథమ్ తర్వాతి కాలంలో ఇంకొకటి కూడా చూపించాడు. చేతకాని కొత్త పని, చిక్కైన పని అయినప్పుడు ఇంత ఫలితం రావాలి అనుకోవడం కంటే ఫలానాది నేర్చుకోవాలి అనుకుంటే మేలు. మా కోచ్ ఇవన్నీ చదివి ఉండదు, కానీ గోడను మర్చిపొమ్మన్నది ఇందుకే. ఈ రెండో సగం మాత్రం స్టేజీల మీద ఎవరూ చెప్పరు.

అంకె నెత్తికెక్కితే ఎలా ఉంటుందో మా బావగారిని చూడాలి. చేతికి వాచీ కట్టారు, రోజుకు 10,000 అడుగులు. రాత్రి పదకొండున్నరకు హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి పచార్లు. మా అక్క నిద్రపట్టక లేచి "ఇక పడుకోండి" అంటే "ఇంకా ఆరొందలు ఉన్నాయే" అంటారు. కాళ్లు నొప్పి పుట్టిన రోజు సోఫాలో కూర్చుని చెయ్యి ఊపుతుంటారు, వాచీ దాన్ని కూడా లెక్కేసుకుంటుంది. ఇంతకీ ఆ 10,000 ఏ డాక్టరూ కనిపెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి పెట్టి, దాని పేరులోనే పదివేలు అని చేర్చారు. వయసు మళ్లిన అమెరికన్ మహిళల మీద 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగులు నడిచేవాళ్లలో కూడా, అంతకంటే బాగా తక్కువ నడిచేవాళ్లతో పోలిస్తే మరణాలు బాగా తక్కువ కనిపించాయి, దాదాపు 7,500 దాటాక ఇంక పెద్ద తేడా లేదు. ఇదంతా బావగారికి చెప్పాను. "అయితే ఎనిమిదివేలు పెట్టుకుంటా" అన్నారు. ఆయనకు నడక ఇష్టమా అంటే, చచ్చినా కాదు.

మీ కాగితం దగ్గరికి వద్దాం. అప్పు తీర్చడం, షుగర్ పరీక్ష చేయించుకోవడం, ఇన్సూరెన్స్ కట్టడం లాంటివి అందులో ఉంటే తీసేయండి. అవి పనులు. ఇష్టమున్నా లేకపోయినా చేయాలి, వాటిలో తృప్తి వెతుక్కుని టెన్షన్ పడొద్దు. మిగిలినవాటిలో ఒక్కొక్కదాని నడిమి భాగాన్ని కొన్నాళ్లు చేసి చూడండి. సామాను కొనకుండా, ఎవరికీ చెప్పకుండా. సామాను కొంటే డబ్బు పెట్టాం కదా అని చేస్తారు, చెబితే పరువు కోసం చేస్తారు, రెండిట్లోనూ మీకు నిజంగా ఇష్టమో కాదో బయటపడదు. ఇంగ్లిష్ బాగా మాట్లాడాలని రాసుకున్నారనుకోండి, తప్పులతో మాట్లాడుతూ ఎదుటివాళ్ల మొహంలో మార్పు చూడటమే దాని నడిమి భాగం. అది తట్టుకోగలరా, అందులో కాస్త సరదా ఉందా?

ఒకటి తేలాక దానికి ఫలానా రోజు, ఫలానా వేళ అని పెట్టండి. "వీలైనప్పుడు చేస్తా" అనుకుంటే వీలు ఎప్పటికీ కాదు. మంగళవారం ఆఫీసు నుంచి రాగానే, చెప్పులు విప్పకముందే, ఇలా ఉండాలి. పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు ఏళ్ల తరబడి చూపించింది ఇదే, ఎప్పుడు ఎక్కడ చేస్తామో ముందే అనుకున్నవాళ్లు ఎక్కువగా చేస్తారని. ఇక 21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట నమ్మి కూర్చోకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో లెక్క చూస్తే సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికైతే 254 దాకా. ఇరవై రెండో రోజున బద్ధకం వేసిందని మానేసినవాళ్లను నేనే ఎంతమందిని చూశానో.

ప్రశ్న లక్ష్యాల గురించి, నేను ఈతలోకి పోయానని తెలుసు. పోతే పోయాను. మీ జాబితాలో ఈత కూడా ఉంటే మాత్రం ఈ రెండు మాటలు వినండి. పిల్లల బ్యాచ్ లేని వేళ చూసుకోండి, నిలబడగలిగే లోతులోనే మొదలుపెట్టమని గట్టిగా అడగండి. గాగుల్స్ ఖరీదైనవి అక్కర్లేదు, కళ్ల చుట్టూ సరిగ్గా అతుక్కుంటే చాలు, ఎలాగూ కాసేపటికి మసకబారతాయి. ముక్కుకు పెట్టుకునే క్లిప్ మాత్రం మొదట్లోనే కొనకండి, అది ఉన్నంతకాలం ముక్కుతో గాలి వదలడం రాదు.