డూప్లికేట్ తాళంచెవితో ఓనర్ లోపలికొస్తే...

ప్రశ్న: మేడమ్, మల్కాజిగిరిలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. నెలకు 14,000, అడ్వాన్సు 28,000. ఓనర్ అంకుల్ వాళ్లు మా పైనే ఉంటారు. జూన్ నుంచి మా బాత్రూమ్ స్లాబు ఉరుస్తోంది. రాత్రి బకెట్ పెడితే తెల్లారేసరికి సగం నిండుతోంది. పోయిన నెల పెచ్చు ఊడి వాషింగ్ మెషీన్ మీద పడింది. ఎన్నిసార్లు చెప్పినా "చేయిద్దాం లేమ్మా" అంటారు. మొన్న జ్వరంగా ఉండి మధ్యాహ్నం రెండింటికే ఆఫీసు నుంచి వచ్చేశాను. తలుపు తీసే ఉంది. లోపల ఆయన, ఎవరో ప్లంబర్. బాత్రూమ్‌లో ఆరేసిన నా బట్టలు తీసి మంచం మీద పడేశారు. ఇదేంటంకుల్ అంటే, "మా ఇంట్లోకి మేం రావడానికి నీ పర్మిషనేంటమ్మా?" అన్నారు. రిపేరు మాత్రం ఇప్పటికీ కాలేదు. అద్దె ఆపేద్దామని మావారు అంటున్నారు. ఆపవచ్చా? ఆయన అలా రావచ్చా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు మీవారికి చెప్పండి, అద్దె ఆపొద్దు. ఆపిన మరుక్షణం స్లాబు సంగతి పక్కకు పోయి మీరు బాకీదారులవుతారు. నా దగ్గరికి వచ్చే అద్దె గొడవల్లో సగం ఇలాగే చెడతాయి. న్యాయం తమవైపు ఉన్నవాళ్లే అద్దె ఎగ్గొట్టి ఓనరు చేతికి ఆయుధం ఇస్తారు.

మీ ఉత్తరం చదువుతుంటే చిక్కడపల్లిలో మా పాత పోర్షన్ గుర్తొచ్చింది. మేం బయటికి పోగానే ఓనరుగారి భార్య తాళం తీసుకుని వచ్చి, ఫ్యాన్లు ఆపామో లేదో చూసి వెళ్లేవారు. ఒకరోజు పొయ్యి మీది పాలగిన్నెకు మూత కూడా పెట్టి వెళ్లారు, దాంతో దొరికిపోయారు. నేను అప్పటికే నల్లకోటు వేసుకుని రెండేళ్లు. అయినా ఆవిడ ఎదురుపడితే నోరు పెగల్లేదు. అడగలేకపోయానని మీరు బాధపడకండి.

ఇక చట్టం మాట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నంతకాలం కిరాయిదారు ఎవరి ఆటంకమూ లేకుండా ఆ ఇంట్లో ఉండొచ్చని అది అంటుంది. ఓనరు గానీ ఆయన పంపిన మనిషి గానీ సమంజసమైన వేళల్లో వచ్చి ఇల్లు ఎలా ఉందో చూసుకోవడానికి కిరాయిదారు ఒప్పుకోవాలనీ అదే సెక్షన్ అంటుంది. ఒప్పుకోవాలంటే ముందు అడగాలి కదా. మీరు ఆఫీసులో ఉండగా తాళం తీయడం అడగడం కిందికి ఎలా వస్తుంది? చూసుకునే హక్కు ఆయనకు ఉంది. చెప్పాపెట్టకుండా దూరే హక్కు లేదు.

ఎన్ని గంటల ముందు చెప్పాలో ఆ పాత చట్టంలో లేదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఉంది: కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా గానీ మెసేజ్ ద్వారా గానీ చెప్పాలి, పొద్దు పొడవకముందు, పొద్దుగూకాక రాకూడదు. అది నమూనా మాత్రమే, రాష్ట్రం సొంత చట్టంగా తెచ్చుకుంటేనే చెల్లుతుంది. అయినా అగ్రిమెంటు మళ్లీ రాసుకునేటప్పుడు ఆ 24 గంటల మాట ఒక లైనులో రాయించుకోండి. దానికి ఏ చట్టమూ అడ్డురాదు.

రిపేరు దగ్గర ఒక మెలిక ఉంది. ఓనరు చేయించాల్సిన రిపేరు, నోటీసు ఇచ్చాక కూడా తగినంత సమయంలో చేయించకపోతే, మీరే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని 108 చెబుతుంది. బాగుంది కదా? కానీ "చేయించాల్సిన" అన్న మాట చూడండి. ఏ రిపేరు ఎవరిదో ఆ చట్టం జాబితా ఇవ్వలేదు. మీ అగ్రిమెంటులో ఏం రాశారో, లేకపోతే మీ దగ్గర వాడుక ఏమిటో చూడాలి. అందుకే ఆ వంద రూపాయల స్టాంపు పేపరు ఈ రాత్రికి బయటికి తీసి మొత్తం చదవండి. అద్దె అంకె, తేదీ తప్ప మిగతావి ఎవరూ చదవరు. "మైనర్ రిపేర్లు కిరాయిదారువి" అని ఉంటే భయపడకండి. కుళాయి వాషరు, స్విచ్చు, గొళ్లెం మైనర్. స్లాబు ఉరవడం మైనర్ ఎలా అవుతుంది? పైగా నీళ్లు ఆయన బాత్రూమ్ నుంచే వస్తున్నట్టుంది. దాన్ని బాగుచేయాలంటే మీరు ఆయన ఇంట్లోకి వెళ్లాలి. పర్మిషన్ మాట అప్పుడు ఆయనకే గుర్తొస్తుంది.

నీళ్లు అక్కడివేనా అన్నది తేల్చుకోవడానికి మా ప్లంబర్ చేసే పని చెబుతాను. పై బాత్రూమ్‌లో గచ్చు మీద, నీళ్లు పోయే జాలీ దగ్గర, బట్టల నీలిమందు కలిపిన నీళ్లు పోసి వదిలేయాలి. కింద బకెట్‌లో తెల్ల మగ్గు పెట్టి చూడండి. కొన్ని గంటలకో మర్నాటికో చుక్క నీలంగా పడితే అనుమానమే లేదు. ఫొటో తీసుకోండి. టైల్స్ మధ్య వైట్ సిమెంట్ పోయినా, జాలీ చుట్టూ సందు పడినా ఇలా దిగుతుంది. అలాంటప్పుడు కింద సిమెంటు పూసి రంగేస్తే రెండు నెలలు కూడా ఆగదు. ఏం చేసినా పైనే చేయాలి.

తర్వాత ఆయనకు వాట్సాప్‌లో ఇలా పెట్టండి: "అంకుల్ నమస్తే. జూన్ నుంచి బాత్రూమ్ స్లాబు ఉరుస్తోంది, పెచ్చు ఊడి మెషీన్ మీద పడింది. ఫొటోలు పెడుతున్నాను. పదిహేను రోజుల్లో రిపేరు చేయించండి. మేస్త్రీ ఎప్పుడొస్తాడో ఒక రోజు ముందు చెబితే ఇంట్లో ఉండి తలుపు తీస్తాం. మేం లేనప్పుడు దయచేసి లోపలికి రావొద్దు." ఇంతే. కోపం, వెటకారం వద్దు. రేపు దీన్ని ఎవరైనా జడ్జి చదవొచ్చు. గడువు దాటితే ఇదే సంగతి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ తర్వాత సొంత డబ్బుతో చేయించాల్సి వస్తే, ముందుగా అంచనా పంపి, బిల్లులు దాచి, ఆ మొత్తం మాత్రమే మినహాయించి మిగతా అద్దె మామూలు తేదీకే బ్యాంకులో వేయండి. ఆయన రమ్మన్న రోజు మీరు మేస్త్రీకి తలుపు తీయకపోతే మాత్రం ఈ కాగితాలన్నీ దండగే.

తాళం సంగతి: మీ సొంత తాళంకప్ప వేసుకోండి. లేదా తలుపు తాళం మార్చి, పాతది దాచి ఉంచి, ఖాళీ చేసే రోజు బిగించి ఇవ్వండి. మార్చినట్టు ఆయనకు చెప్పండి, దొంగచాటుగా వద్దు.

రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లమని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు వర్తించదు. ఆ అద్దెకు మీ వీధిలో స్కూటర్ షెడ్డు కూడా రాదు. కాబట్టి మీ దారి సివిల్ కోర్టు. అంతకన్నా ముందు న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ పెట్టండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు అక్కడ ఉచిత సాయం ఉంది. ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు.

ఒకటి మాత్రం దాచను. మీది పదకొండు నెలల అగ్రిమెంటే అయితే, గడువు అయ్యాక ఆయన మళ్లీ రాయకపోవచ్చు. గేటుకు టు-లెట్ బోర్డు కట్టొచ్చు. స్కూలు, ఆఫీసు దూరాలు చూసుకుని, ఎంతవరకు వెళ్లాలో మీరిద్దరూ నిర్ణయించుకోండి.

ప్రశ్న: హనుమకొండలో మా మేడ మీద పోర్షన్‌లో ముగ్గురు అబ్బాయిలు ఉంటున్నారు. వాళ్ల వంటింటి పైపు లీకై మా గోడ నానుతోంది. ప్లంబర్‌ను తీసుకెళ్తే "ఇప్పుడు కుదరదు అంకుల్" అంటూ నెల నుంచి తిప్పుతున్నారు. కోపంతో మోటారు ఆపేశాను. తప్పా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: తప్పేనండి. పై జవాబులో చెప్పిన 108 మీకూ పనికొస్తుంది. సమంజసమైన వేళ వచ్చి చూసుకోనివ్వడం ఆ అబ్బాయిల బాధ్యత. పైపు వాళ్ల నిర్లక్ష్యంతో పాడైతే, మీరు నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోగా వాళ్లే బాగుచేయించాలి. పాతబడి పగిలితే ఖర్చు మీదే. పొద్దున తొమ్మిదింటికి తలుపు కొడితే ఆ వయసు పిల్లలు ఎలాగూ లేవరు, ఆదివారం సాయంత్రం నాలుగింటికని మెసేజ్ పెట్టి చూడండి. తాళం పగలగొట్టడం, నీళ్లు, కరెంటు ఆపడం వద్దు. మీ గోడ నానిందన్న కేసు కాస్తా మీరు నీళ్లు ఆపారన్న కేసు అవుతుంది. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మోటారు ఆన్ చేసే ఉంటారనుకుంటాను.