జీపుకి గట్టి యాక్సిళ్లు వేయించే ముందు

చెన్నై

చిరంజీవి శ్రీనుకి బాబాయ్ ఆశీస్సులు.

మీ నాన్న పాత మహీంద్రా జీపుకి గట్టి యాక్సిళ్లు, అదే చక్రాల్ని మోసి తిప్పే ఇరుసులు, వేయిస్తున్నావని విని చాలా సంతోషించాను. డీఐ డీజిల్ ఇంజిన్ వేశారు, పెద్ద టైర్లు వేశారు, పైగా సత్యవేడు తోట నుంచి మామిడికాయల లోడు. వెనక యాక్సిల్ లోపలి షాఫ్టు మాటిమాటికీ విరుగుతోందంటే దాని తప్పేం లేదు.

అయితే పుదుప్పేట పాత విడిభాగాల బజారులో కనబడిన హౌసింగల్లా, అంటే యాక్సిల్ పైతొడుగల్లా, బేరమాడకు. ముందు మన బండి కింద దూరి చూడు. ఈ పాత జీపుల్లో గేర్‌బాక్సు వైపు నుంచి వెనక యాక్సిల్‌కి శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు బండి నడిమధ్య నుంచి పోదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. ఆ శక్తిని రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్ (యాక్సిల్ మీది గుండ్రటి ఉబ్బు) కూడా ఆ పక్కకే ఉంటుంది. మధ్యలో డిఫరెన్షియల్ ఉన్న యాక్సిల్ తెచ్చావంటే షాఫ్టు అడ్డంగా వంకర తిరుగుతుంది, లేదా ముందు వెనక యాక్సిళ్లకి శక్తి పంపే ట్రాన్స్‌ఫర్ కేసే మార్చాలి.

రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క, ఆ విషయంలో కొట్టువాడి మాట నమ్మకు. ఒక వైపు హబ్ (చక్రం బిగించే భాగం) కదలకుండా పట్టుకోమని, ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే పినియన్ ఫ్లాంజి మీద సుద్దగీత గీసి, రెండో వైపు హబ్‌ని సరిగ్గా రెండు చుట్లు తిప్పు. ఫ్లాంజి ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో. ఐదు దాటి ఇంకో మూడో వంతు పైచిలుకు తిరిగితే 5.38, అంటే డిఫరెన్షియల్ లోపలి పెద్ద పళ్లచక్రం క్రౌన్‌కి 43 పళ్లు, దాన్ని తిప్పే చిన్నది పినియన్‌కి 8. నాలుగు చుట్లు కూడా నిండకపోతే 41కి 11 కావచ్చు, అది 3.73. పెద్ద టైర్లతో లోడు లాగే బండికి అది పనికిరాదు. ముందు, వెనక రేషియోలు తేడాగా ఉంటే మాత్రం ఫోర్ వీల్ వేసి తారురోడ్డెక్కగానే షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి, ఏదో ఒకటి విరిగి తీరుతుంది. అందుకే రెండూ ఒకే బండివి కొను. దొరికితే వెనకది ఫుల్ ఫ్లోటింగ్ రకం తీసుకో. అందులో బరువు హబ్ బేరింగుల మీద పడుతుంది, లోపలి షాఫ్టు తిప్పడమే చేస్తుంది. అది విరిగినా చక్రం ఊడిపోదు.

ఇక అసలు పని వెల్డింగు. కమాన్ పట్టీలు (స్ప్రింగు పట్టీలు) యాక్సిల్ మీద కూర్చునే సీట్లకి మొదట చుక్క వెల్డింగు మాత్రమే పెట్టించు. బండిని దించి, నాలుగు చక్రాల మీద పూర్తి బరువుతో నిలబెట్టి, అప్పుడు డిగ్రీ గేజి పెట్టు. ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజి, పినియన్ ఫ్లాంజి సమాంతరంగా రావాలి. లోడు లాగేటప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచు. కోణం తప్పితే బండి అదురుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లలోని క్రాసులు ఊరికే పోతాయి. పూర్తి వెల్డింగు ఒకేసారి లాగించొద్దు. కొంచెం ఇటు, కొంచెం అటు, మధ్యలో చల్లారనిస్తూ చేయించు, లేకపోతే యాక్సిల్ ట్యూబు వంగుతుంది. అంబత్తూరు ఎస్టేట్‌లో మంచి వెల్డర్లున్నారు, కూలి రెండింతలైనా వాళ్ల దగ్గరే చేయించు. ముందరి యాక్సిల్‌ని ప్రొపెల్లర్ షాఫ్టు కోణం కోసం తిప్పితే క్యాస్టర్ (స్టీరింగ్‌ని తిరిగి నిటారుకి తెచ్చే వాలు) పోయి స్టీరింగ్ తిరిగి రాదు. అక్కడ క్యాస్టర్‌కే పెద్దపీట వెయ్యి.

యాక్సిల్‌ని పట్టీలకి బిగించే యూ బోల్టులు కొత్తవి వేయించు, పాతవి సాగిపోయి ఉంటాయి. కొత్త యాక్సిల్ బ్రేకులకి పాత మాస్టర్ సిలిండర్ సరిపోతుందో లేదో చూపించు. స్టెప్నీ కూడా కొత్త హబ్‌కి పట్టాలి, మన జీపుది ఐదు బోల్టులు, అవి ఉండే వలయం అడ్డకొలత 139.7 మిల్లీమీటర్లు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దు నాన్నా, ఆర్టీవోని ముందే లిఖితపూర్వకంగా అడుగు. బండిలో మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము ఇబ్బందే. ఆర్టీవో వాళ్లు కుదరదంటే హౌసింగ్ జోలికి పోకుండా, పాత దాంట్లోనే మంచి షాఫ్టులు, బేరింగులు వేయించు.

యాక్సిళ్లలో జీఎల్-5 రకం గేర్ ఆయిలే పోయించు. మొదట ఖాళీ బండి నడిపి, యూ బోల్టులు మళ్లీ బిగించి, ఆయిల్‌లో ఇనుప రజను ఉందేమో చూశాకే కాయలు ఎక్కించు. బిగించే రోజు కబురు చెయ్యి, గేజి పట్టుకుని నేనూ వస్తాను.

మీ బాబాయ్