ట్రాఫిక్ విధులు చిన్నచూపు చూడవలసిన ఉద్యోగమా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్‌లో బీటెక్ పూర్తి చేసి ఎస్సై పోస్టుకు సన్నద్ధమవుతోంది. ఉద్యోగం వస్తే ట్రాఫిక్ విభాగంలోనే పనిచేయాలని ఉందంటోంది. మా బంధువులు మాత్రం, అసలైన పోలీసు పని దొంగలనూ హంతకులనూ పట్టుకోవడమేననీ, ఎండలో నిలబడి చలాన్లు రాయడానికి ఇంత చదువు ఎందుకనీ అంటున్నారు. అమ్మాయికి ఏమని చెప్పమంటారు?

సమాధానం: మీ బంధువుల మాట చాలామంది అనేదే. దానిని కొట్టిపారేయకుండా లెక్కలతో పరిశీలించడం మంచిది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ నివేదిక చెబుతోంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం అదే ఏడాది దేశమంతటా నమోదైన హత్య కేసులు 28,522. అంటే హత్య కేసుల కంటే రోడ్డు మరణాలు దాదాపు ఆరు రెట్లు. హత్యలను దర్యాప్తు చేయడం పోలీసుల ప్రథమ బాధ్యతల్లో ఒకటన్నది నిస్సందేహం. అయితే ప్రజల ప్రాణరక్షణే పోలీసు వ్యవస్థకు పరమావధి అయినప్పుడు, ఇన్ని ప్రాణాలు పోతున్న చోట చేసే పనిని రెండో తరగతి పనిగా లెక్కించడం ఏ విధంగానూ సరికాదని నా దృఢమైన అభిప్రాయం.

ఆ మరణాల్లో అధిక భాగం విధి వశాత్తు జరిగినవి కావు. 2022లో హెల్మెట్ ధరించకుండా చనిపోయిన ద్విచక్ర వాహనదారులు, వెనుక కూర్చున్నవారు కలిపి 50,029 మంది అని అదే నివేదికలో ఉంది. మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే నమోదయ్యాయి. హెల్మెట్ ధరిస్తే మరణించే అవకాశం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం సుమారు 69 శాతం తగ్గుతుందని అనేక దేశాల అధ్యయనాలను క్రోడీకరించిన పరిశోధకులు తేల్చారు. వాహనాల సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి మీ ఊళ్లోని హంటర్ రోడ్డు మీద స్పీడ్ గన్ పట్టుకుని నిలబడిన ఉద్యోగి వాహనాల వేగాన్ని కొద్దిగా తగ్గించగలిగినా ప్రాణాలు దక్కుతాయి. కానీ ఆమె వల్ల బతికిన మనిషి ఎవరో ఆమెకూ తెలియదు, ఆ మనిషికీ తెలియదు. దొంగ దొరికితే మరునాడు పత్రికలో ఫొటో వస్తుంది. జరగకుండా ఆగిన ప్రమాదానికి ఎఫ్ఐఆర్ ఉండదు. ఈ విభాగానికి సమాజంలో దక్కవలసిన గౌరవం దక్కకపోవడానికి అసలు కారణం ఇదే.

అయితే ట్రాఫిక్ పోలీసులు చేసే ప్రతి పనీ సమానంగా విలువైనదని నేను చెప్పను. మీ అమ్మాయి ఈ తేడాను ఇప్పుడే గ్రహించడం అవసరం. నంబర్ ప్లేటు ఫొటో తీసి, నెలల తరువాత చలాన్ పంపి, ఎన్ని కేసులు రాశామన్నదే కొలమానంగా పెట్టుకునే పద్ధతి వల్ల ప్రజల్లో ఇది వసూళ్ల వ్యవహారమన్న భావన బలపడుతుంది. శిక్ష తీవ్రత కంటే, తప్పు చేస్తే తప్పక పట్టుబడతామన్న నమ్మకమే మనుషుల నడవడిని మారుస్తుందని ఈ రంగంలోని పరిశోధనలు దాదాపు ఏకగ్రీవంగా చెబుతున్నాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1982 డిసెంబరులో, ఏ అనుమానమూ లేకున్నా ఏ డ్రైవరునైనా ఆపి శ్వాస పరీక్ష చేసే పద్ధతిని విస్తృతంగా ప్రారంభించిన తరువాత రోడ్డు మరణాలు గణనీయంగా తగ్గాయి. మన దగ్గర హైదరాబాద్‌లో జరిగే డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు కూడా ఈ కోవలోవే: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే కేసు నమోదవుతుంది, పట్టుబడినవారు గోషామహల్ లేదా బేగంపేటలోని ట్రాఫిక్ శిక్షణ సంస్థలో కౌన్సెలింగ్‌కు హాజరై ఆ తరువాత కోర్టుకు వెళ్లాలి. కుటుంబ సభ్యులను కూడా ఆ కౌన్సెలింగ్‌కు పిలిపించడం నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు, ఎందుకంటే తాగి బండి నడపకుండా ఆపగలిగేది చాలాసార్లు ఇంట్లోవారే. తక్కువ మంది సిబ్బందితో ఏ కూడలిలో, ఏ వేళలో, ఏ ఉల్లంఘన మీద దృష్టి పెడితే ఎక్కువ ప్రాణాలు దక్కుతాయో నిర్ణయించగల అధికారులు ఈ విభాగానికి కావాలి. అలా ఆలోచించడానికి ఇంజినీరింగ్ చదువు ఎంతగానో ఉపయోగపడుతుంది.

ఇక ఉద్యోగం సంగతికి వద్దాం. తెలంగాణలో ట్రాఫిక్ ఎస్సై అని వేరుగా నియామకం ఉండదు. సివిల్ ఎస్సైగా ఎంపికై, పోలీసు అకాడమీలో శిక్షణ పూర్తి చేసిన తరువాత, అధికారులు ఎక్కడ వేస్తే అక్కడ పనిచేయాలి. ట్రాఫిక్‌కు వచ్చినా బదిలీపై మళ్లీ లా అండ్ ఆర్డర్‌కు వెళ్లవలసి ఉంటుంది. పైగా ఇది జోనల్ పోస్టు, అంటే కొన్ని జిల్లాలను కలిపిన జోన్ వారీగా నియామకం జరుగుతుంది. స్థానికత ప్రకారం మీ అమ్మాయి భద్రాద్రి జోన్‌లోకి వస్తుంది కాబట్టి, ఆమె హైదరాబాద్‌లో కంటే వరంగల్ లేదా ఖమ్మం కమిషనరేట్‌లో పనిచేసే అవకాశమే ఎక్కువ. ట్రాఫిక్ దక్కకపోయినా ఆమె ఆశయానికి భంగం కలగదు, ఎందుకంటే ప్రాణాంతక ప్రమాదం జరిగినప్పుడు కేసు నమోదు, దర్యాప్తు సాధారణంగా లా అండ్ ఆర్డర్ స్టేషన్‌లోనే జరుగుతాయి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనవారికి వర్తించే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నడిచే ఆ కేసులో ఘటనా స్థలాన్ని ఎంత జాగ్రత్తగా నమోదు చేశారన్నది ముఖ్యం. మోటారు వాహనాల చట్టం 159వ సెక్షన్ ప్రకారం పోలీసులు మూడు నెలల్లో, పరిహారాన్ని నిర్ణయించే ట్రిబ్యునల్‌కు పంపే నివేదిక మీద బాధిత కుటుంబానికి అందే పరిహారం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

కష్టాలను కూడా దాచకుండా చెప్పండి. గంటల తరబడి నిలబడడం, పొగ, హారన్ల మోత, వాహనదారుల దురుసు మాటలు, బండి ఆపగానే ఫలానా నాయకుడి ఫోన్ అందుకోవలసి రావడం ఈ విధుల్లో నిత్యం ఉండేవే. మహిళా సిబ్బందికి కూడళ్ల దగ్గర మరుగుదొడ్డి సౌకర్యం లేకపోవడం చాలా పట్టణాల్లో ఇప్పటికీ తీరని సమస్య, ఇది చిన్న విషయం కాదు. హనుమకొండ ట్రాఫిక్ స్టేషన్‌లో పనిచేసే మహిళా ఉద్యోగులతో అమ్మాయిని ఒకసారి తీరికగా మాట్లాడనివ్వండి.

నియామక ప్రక్రియలో ప్రిలిమినరీ రాత పరీక్ష, దేహదారుఢ్య పరీక్షలు, తుది రాత పరీక్ష ఉంటాయి. 2022 నోటిఫికేషన్‌లో మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలన్న నిబంధన ఉంది. నోటిఫికేషన్ వచ్చాక పరుగు మొదలుపెట్టేవారు గాయాల పాలవుతున్నారు గనుక ఇప్పుడే సాధన ఆరంభించడం మేలు.

రోడ్డు భద్రతే ఆమె అసలు ఆసక్తి అయితే, యూనిఫాం లేని మార్గం మీ ఊళ్లోనే ఉంది. వరంగల్ ఎన్‌ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ ఉంది, ప్రవేశానికి గేట్ (ఇంజినీరింగ్ పీజీ కోర్సులకు జాతీయ స్థాయి పరీక్ష) స్కోరు కావాలి. జాతీయ రహదారి మీద 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో పది మంది చనిపోతే, లేదా తీవ్రమైన ప్రమాదాలు అయిదు జరిగితే, దానిని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు; అక్కడి మలుపును, మీడియన్‌ను (రోడ్డు మధ్య విభాగినిని), వెలుతురును సరిదిద్దేది ఈ ఇంజినీర్లే. రవాణా శాఖలోని అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టును కొందరు మీకు సూచించవచ్చు, కానీ దానికి మెకానికల్ లేదా ఆటోమొబైల్ చదువు కావాలి, సివిల్ పట్టా సరిపోదు. ఎస్సై పోస్టుకు గరిష్ఠ వయోపరిమితి తక్కువ కాబట్టి, ముందు నోటిఫికేషన్‌కు పూర్తి శక్తితో సిద్ధం కమ్మనండి, దానితోపాటు గేట్ కూడా రాయించండి. స్కోరు మూడేళ్ల పాటు చెల్లుతుంది కనుక ఎస్సై ఫలితం ఎలా ఉన్నా ఎంటెక్ అవకాశం ఆమెకు మిగిలే ఉంటుంది.