సిలికాన్ పూయకు అల్లుడూ, ముందుగా హోల్డర్ వెనకాల పట్టు చూడు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన నీ కయాక్ (కూర్చుని తెడ్డు వేసే సన్నటి చిన్న పడవ) వీడియో నాలుగుసార్లు చూశాను. సీటు వెనక ఎడమవైపు రాడ్ హోల్డర్‌ని, అంటే గాలం కర్రని నిలబెట్టే గొట్టాన్ని, బొటనవేలితో నొక్కగానే దాని పై అంచు ఒకపక్క లేస్తోంది, కింద సన్నటి నల్లగీత కనిపిస్తోంది. హోల్డర్ ఊగడం కన్నా ఆ గీతే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. నీళ్ళు లోపలికి పోయేది అందులోంచే. శనివారం పొద్దున్నే లావుపాటి స్క్రూలు ఎక్కించి, చుట్టూ సిలికాన్ పూసేసి, చేపలు పట్టడానికి టెక్సోమా సరస్సుకు పోతానన్నావు. ఈ వారం ఆగు. సరిగ్గా ఆ రిపేరే నేను సముద్రపు ఊరు గాల్వెస్టన్‌లో చేసి చూశాను.

ఆ రోజు రెడ్‌ఫిష్ అనే సముద్రపు చేప పడింది. రాడ్ ఒక్కసారి వంగింది, నేను వెనక్కి తిరిగి చెయ్యి చాపేలోపే హోల్డర్ ఊడి, రాడ్డూ రీలూ దానితోపాటే నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. నేను అంత శ్రద్ధగా పూసిన సిలికాన్ కాచిన పాల మీద తొరకలా ఒకే ముక్కగా లేచి వచ్చి, కన్నం అంచుకి వేలాడుతూ ఉంది. రాడ్ పోతే పోయింది, మూడంగుళాల కన్నం మాత్రం కయాక్ మీద తెరుచుకుని మిగిలింది. ప్రతి అలకీ గుక్కెడు గుక్కెడు నీళ్ళు లోపలికి. ఒడ్డు చేరేసరికి కయాక్ బరువెక్కి, కాస్త ఒరిగితే చాలు లోపలి నీళ్ళన్నీ ఆ పక్కకే పరిగెత్తి ఇంకా ఒరగదోసేవి. ఆ భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

అసలు ఎందుకు వదులవుతుందో ముందు తెలుసుకో. నీ కయాక్ పాలిథిలీన్‌తో పోతపోసింది. లోపలంతా డొల్ల, గోడ మందం పావంగుళానికి అటూ ఇటూ. అంత పల్చటి మెత్తటి ప్లాస్టిక్‌లో స్క్రూకి దొరికేది రెండు మూడు మరల పట్టు, అంతే. ఇక లాగుడు సంగతి చూడు. రీలు డ్రాగ్, అంటే చేప ఎంత బలంగా లాగితే లైను (గాలపు దారం) జారాలో పెట్టే బ్రేకు, 3 కిలోలకు పెట్టావనుకుందాం. హోల్డర్‌లోంచి బయటికి ఉన్న రాడ్, వంగింది పోగా, మీటర్నర అనుకో. హోల్డర్ గొట్టంలో దిగిన పిడి 20 సెంటీమీటర్లు. గునపంతో రాయి లేపినట్టే ఇది కూడా: చివర 3 కిలోలు లాగితే, గొట్టం దగ్గర 20 కిలోలు దాటిన బలం పడుతుంది. అదంతా ఆ రెండు మూడు మరల మీదే.

దీనికి తోడు టెక్సాస్ ఎండ. పాలిథిలీన్ వేడికి బాగా సాగే ప్లాస్టిక్. మధ్యాహ్నం డ్రైవ్‌వేలో కాగి, సాయంత్రం నీళ్ళలో చల్లబడి, మళ్ళీ మర్నాడు కాగి... ఇలా ఒక వేసవి గడిస్తే, హోల్డర్‌ని ఇప్పుడు పట్టి ఉంచిన రివెట్ చుట్టూ కన్నం కోలగా సాగుతుంది. ఇంకోటి, ఈ మాట నీకే చెబుతున్నాను: కయాక్‌ని కారు పైకి ఎక్కించేటప్పుడు ఆ హోల్డర్‌లో వేళ్ళు దూర్చి ఎత్తుతున్నావు. పోయినసారి వచ్చినప్పుడు చూశాను. హోల్డర్ పిడి కాదు. పక్కనున్న హ్యాండిళ్ళు పట్టుకునే ఎత్తు.

జిగురు గురించి కూడా ఒక మాట. పాలిథిలీన్‌కి ఏదీ సరిగా అంటుకోదు. సిలికాన్, ఎపాక్సీ, దుకాణంవాడు గొప్పగా చెప్పే మెరైన్ జిగుర్లు, ఏవైనా సరే. ఆరాక గట్టిగానే కనిపిస్తాయి, బరువు పడగానే పెచ్చులా లేస్తాయి. సీలెంట్ (సందులు మూసే పేస్టు) వాడాలి, కానీ నీళ్ళు ఆపడానికి మాత్రమే. బరువు మోసేది గోడ వెనకాల పెట్టే పట్టీ, వాషరు, నట్టు.

పని మొదలుపెట్టే ముందు వెనక మూత తీసి, టార్చి వేసి, హోల్డర్ అడుగు చూడు. గొట్టం కింద బిరడా ఉందా? కొన్ని హోల్డర్లు అడుగున తెరిచే ఉంటాయి, అవి పెద్ద పడవలకి. అలాంటిది కయాక్‌కి పెడితే వాన నీళ్ళూ అల నీళ్ళూ నేరుగా కయాక్ పొట్టలోకే. ఉంటే ఆ బిరడా కూడా గట్టిగా ఉందో లేదో చూసుకో. తరవాత కన్నాల చుట్టూ వెంట్రుకంత పగులు ఏమైనా ఉందేమో వేలుగోటితో తడిమి చూడు. పగులుంటే అక్కడితో ఆపి నాకు ఫోన్ చెయ్యి. దానికి అదే రకం ప్లాస్టిక్‌తో వెల్డింగ్ కావాలి, బోల్టులు బిగిస్తే ఇంకా చీలుతుంది.

పగులు లేకపోతే పాత రివెట్లు తియ్యి. 3/16 అంగుళం డ్రిల్ బిట్‌తో తల మీద నెమ్మదిగా తిప్పితే తల ఊడొస్తుంది. రివెట్ కూడా బిట్‌తో పాటే తిరుగుతుంటే తలని పటకారుతో పట్టుకో. బిట్ గోడలోకి దిగనివ్వకు, కన్నం మరీ పెద్దదవుతుంది. తెగిన తోకలు లోపల పడతాయి. కయాక్‌ని నిలబెట్టి దులిపి, అన్నీ ఏరెయ్యి. పాత సిలికాన్ అంతా ప్లాస్టిక్ గీకుడుతో తీసి, రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడువు. పాత సిలికాన్ పొర మీద కొత్త సీలెంట్ అస్సలు నిలవదు.

ఇప్పుడు అసలు పని. నీ చెయ్యి మూతలోంచి హోల్డర్ అడుగుదాకా వెళ్తే వేరే ఆలోచన వద్దు, బోల్టు ఆరపార దించి వెనకాల పట్టీ పెట్టడమే. పట్టీకి మీ వంటింట్లో కూరగాయలు తరిగే పల్చటి తెల్ల ప్లాస్టిక్ బోర్డు చక్కగా సరిపోతుంది. సాధారణంగా అది కూడా పాలిథిలీన్ జాతే. నీళ్ళకి ఉబ్బదు, తుప్పు పట్టదు. మీ ఆవిడది కొయ్యకు, కొత్తది కొను. హోల్డర్ పై అంచు కంటే చుట్టూ ఒక అంగుళం పెద్దదిగా కోసి, మధ్యలో గొట్టం పట్టేంత కన్నం చెయ్యి. మూతలోంచి దూరుతుందో లేదో కోసే ముందే కొలుచుకో. మూలలు గుండ్రంగా రుద్దు, పదును మూల గోడని కొరుకుతుంది. లోపలి గోడ కాస్త వంపుగా ఉంటుంది, అందుకే పావంగుళం మందమే చాలు. అంతకన్నా మందమైతే వంపుకి ఒదగదు.

బోల్టులు 10వ నంబరు స్టెయిన్‌లెస్ స్టీలువి, అంగుళంపావు పొడవువి తీసుకో. అంచు, దాని కింది గాస్కెట్ (నీళ్ళు ఆపే మెత్తటి పలక), గోడ, పట్టీ, వాషరు, నట్టు అన్నీ కలిపి దాదాపు అంగుళం వస్తుంది. గాల్వెస్టన్‌కి కూడా వస్తానంటున్నావు కాబట్టి 316 రకం అడుగు, ఉప్పునీళ్ళకి అదే మంచిది. వాషర్లు వెడల్పువి, అంగుళం వ్యాసం ఉన్నవి. నట్లు లోపల నైలాన్ చుట్టు ఉండేవి. మరల మీద లాక్‌టైట్ లాంటి, మర వదులవకుండా వేసే జిగుర్లు వెయ్యకు. హోల్డర్ ఏ ప్లాస్టికో నీకూ నాకూ తెలియదు, అవి తగిలితే కొన్ని ప్లాస్టిక్‌లు పెళుసెక్కి పగులుతాయి. నైలాన్ నట్టు ఆ పని ఎలాగూ చేస్తుంది. పాత కన్నాలు కోలగా సాగాయని దిగులుపడకు. వెనకాల పట్టీ ఉంటే బోల్టు కన్నం అంచు మీద ఆధారపడదు.

ఈ పని నీడలో చెయ్యి, కయాక్ చల్లారాకే. గాస్కెట్‌కి రెండువైపులా, ప్రతి బోల్టు మెడ చుట్టూ సీలెంట్ సన్నగా వెయ్యి. పైన స్క్రూడ్రైవర్‌తో బోల్టు తలని కదలకుండా పట్టుకుని, లోపల నట్టునే తిప్పాలి. బోల్టు తిరిగితే మెడ దగ్గర సీలెంట్ చెదిరి దారి ఏర్పడుతుంది. నాకు మీ అత్తయ్య పైన పట్టుకుంటుంది, నువ్వూ ఎవరినైనా తోడు పెట్టుకో. ఒకదాన్నే పూర్తిగా బిగించకు. ఒక్కోదాన్ని కాస్త కాస్త, వరసగా. అంచు చుట్టూ సీలెంట్ అగ్గిపుల్ల మందాన సమానంగా బయటికి తొంగిచూస్తే అక్కడ ఆపు. బలముంది కదా అని ఇంకా తిప్పితే ప్లాస్టిక్ మెల్లగా నలిగి పక్కకి జరుగుతుంది, వారానికల్లా మళ్ళీ వదులే. మర్నాడు ఒక్క పావుచుట్టు తిప్పు, చాలు.

ఒకవేళ చెయ్యి వెళ్ళకపోతే వెల్‌నట్ వాడు. అది రబ్బరు గొట్టం, దాని కొసన ఇత్తడి మర ఉంటుంది. 10వ నంబరు బోల్టు పట్టే 10-32 సైజుకి సాధారణంగా 3/8 అంగుళం కన్నం చెయ్యాలి, పొట్లం మీద ఉన్న సైజు మాత్రం ఒకసారి చూసుకో. బయటి నుంచి బోల్టు బిగించే కొద్దీ లోపల రబ్బరు కుదించుకుని, గోడ వెనకాల చిన్న ఉల్లిపాయలా ఉబ్బుతుంది. అదే పట్టు, అదే సీలు. మామూలు పాప్ రివెట్ మాత్రం మళ్ళీ కొట్టకు. రివెట్టే కావాలంటే వెనకాల మూడు కాళ్ళుగా విచ్చుకునే రకం ఉంటుంది, అది అడుగు. కానీ నేనైతే చెయ్యి వెళ్ళని చోట పెద్ద చేపల రాడ్ పెట్టనే పెట్టను.

సీలెంట్ ట్యూబు మీద రాసిన గంటలు పూర్తిగా ఆరనివ్వు. తరవాత లోపల హోల్డర్ చుట్టూ టిష్యూ పేపర్లు సర్ది, పైనుంచి ఐదు నిమిషాలు హోస్ పెట్టు. పేపరు మీద ఒక్క చుక్క తడి కనిపించినా మళ్ళీ విప్పాల్సిందే. తరవాత లాగి చూడు. ఇండియా ప్రయాణాలకి సూట్‌కేసులు తూచే చేతికాటా ఇంట్లో ఉందిగా, దాని కొక్కేనికి లైను కట్టి, రాడ్ హోల్డర్‌లో ఉండగానే 3 కిలోలు వచ్చేదాకా మెల్లగా లాగు. ఇంకొకరు అంచు మీద వేలు పెట్టి కదులుతోందేమో చూడాలి. డ్రాగ్ కూడా అదే కాటాతో పెట్టుకో, లైను తెగే బలంలో పావు వంతుకి. చాలామంది డ్రాగ్ చేతి అంచనాతో బిగిస్తారు, ఆ అంచనా తప్పొచ్చు.

టెక్సోమా చిన్న చేపల చెరువు కాదు. 2004లో అక్కడ పడిన ఒక బ్లూ క్యాట్‌ఫిష్ 121.5 పౌన్లు తూగింది, అప్పటికి అది ప్రపంచ రికార్డు. అలాంటిది నీ గాలానికి పడాలనే కోరుకుంటాను. కానీ పడిన రోజున అది హోల్డర్‌ని కాదు, డ్రాగ్‌ని లాగాలి. ప్రతి రాడ్‌కీ ఒక తాడు కట్టి కయాక్‌కి తగిలించు. లైఫ్ జాకెట్ సీటు వెనక పెట్టుకోవడం కాదు, ఒంటి మీద ఉండాలి. రేవులో దించే ముందు హోల్డర్‌ని ఒకసారి చేత్తో ఊపి చూసుకో, మధ్యలో ఒడ్డుకి వచ్చినప్పుడల్లా కయాక్‌లోని నీళ్ళు వదిలే బిరడా విప్పి ఎన్ని నీళ్ళు కారాయో చూడు. దారిలో కారు మీద రాడ్లు హోల్డర్లలో ఉంచకు, హైవే గాలి అరగంటలో చేప చెయ్యలేని పని చేస్తుంది.

బోల్టులు కొనే ముందు మూత తీసి లోపలి ఫోటో ఒకటి పంపు. చెయ్యి ఎక్కడిదాకా వెళ్తోందో కూడా చెప్పు. వాషర్లు నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి, వచ్చే ఆదివారం మీ అత్తయ్యతో వస్తున్నాం, తెస్తాను.

మీ మామయ్య